గోడ పక్కన కూర్చున్న ముగ్గురు: వినోద, విరామ అధ్యయనాల విద్యార్థులు ఏం నేర్చుకున్నారో కొలవడం ఎలా?

మూడో ఏడాది విద్యార్థి ఒకరు నడిపిన సాయంత్రపు ఆటల కార్యక్రమం చూడడానికి వెళ్లాను. ముప్పై మంది దాకా పెద్దవాళ్లు, ఒక హాలు, గంటన్నర సమయం. హాలంతా నవ్వులే. చివర్లో పంచిన అభిప్రాయ పత్రాల్లో దాదాపు అందరూ ‘చాలా బాగుంది’ అని రాశారు. నేనూ సంతోషంగా మంచి మార్కులు వేసేసి, బయటికి వస్తూ మాటవరసకు అడిగాను: “గోడ పక్కన ముగ్గురు మొదటి నుంచీ కూర్చునే ఉన్నారు కదా, ఎందుకు?” అతను తెల్లబోయాడు. “కూర్చున్నారా సార్?”

తిరిగి లోపలికి వెళ్లి ఆ ముగ్గురితో మాట్లాడాం. ఒకాయనకు నలుగురిలో ఆడాలంటే బిడియం. ఇంకొకరికి జోడీ దొరకలేదు, దొరకలేదని చెప్పడం నామోషీ అనిపించి ఊరుకున్నారు. మూడో ఆవిడ చేతికర్ర సాయంతో వచ్చారు, ఆటలేమో అన్నీ నిలబడి ఆడేవి. విరామానికి, అంటే ఖాళీ సమయాన్ని ఇష్టంగా గడపడానికి, ఎదురయ్యే అడ్డంకులను 1987లో క్రాఫర్డ్, గాడ్బీ అనే పరిశోధకులు మూడు రకాలుగా విడదీశారు: మనిషి లోపల ఉండేవి, మనుషుల మధ్య ఉండేవి, బయటి పరిస్థితుల వల్ల వచ్చేవి. ఆ మూడూ మా ముందు మూడు కుర్చీల్లో కూర్చుని ఉన్నాయి. ఈ విద్యార్థే ఏడాది కిందట పరీక్షలో ఆ ప్రశ్నకు పదికి తొమ్మిది తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం తర్వాత మూల్యాంకనం గురించి నా ఆలోచన మారింది. ఈ శాఖలో కళ్లకు కనబడే ఉత్సాహం చాలా ఎక్కువ. చదువు జరిగిందని నమ్మించే శక్తి కూడా దానికి అంతే ఎక్కువగా ఉంది. ఆ మాయలో పడకుండా, విభాగం స్థాయిలో మూల్యాంకనాన్ని మొదటి నుంచి ఎలా కట్టుకోవాలో కింద అడుగులుగా రాస్తున్నాను. కొన్ని అడుగులు ఒక మధ్యాహ్నంలో తేలిపోతాయి, కొన్నింటికి ఒక సెమిస్టర్ పడుతుంది.

మొదటి అడుగు: మూడు లెక్కలను కలపకండి

విద్యార్థి ఒక కార్యక్రమం నడిపితే మూడు సంగతులు తేలాలి. వచ్చినవాళ్లకు నచ్చిందా? మనం ఎన్ని మార్కులు వేశాం? విద్యార్థికి ఏం వచ్చింది? మొదటి రెండూ చేతికి అందుతాయి కనుక మూడోదాని చోట వాటినే పెట్టి సరిపుచ్చుకుంటాం.

వచ్చినవాళ్ల సంతోషానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. చాన్నాళ్లకు స్నేహితులు కలిశారు, వాతావరణం బాగుంది, నడిపిన కుర్రాడు పుట్టుకతోనే హుషారు మనిషి. వీటిలో ఏదీ కోర్సు నేర్పింది కాదు. మార్కుల సంగతి ఇంకో రకం. అందులో హాజరు కలుస్తుంది, గడువు దాటినందుకు వేసిన కోత కలుస్తుంది, బృందంలో మరొకరు చేసిన పని కూడా కలుస్తుంది. చక్కటి ప్రణాళిక వేసి నడపలేక చతికిలబడ్డ విద్యార్థికీ, ప్రణాళిక లేకుండా నోటి చలవతో నెట్టుకొచ్చిన విద్యార్థికీ నూటికి 72 రావచ్చు. ఆ 72ను చూసి కోర్సులో ఏ భాగాన్ని బాగుచేయాలో ఎవరూ చెప్పలేరు.

అవసరాలను అంచనా వేయడం, ప్రణాళిక వేయడం, అమలు చేయడం, ఫలితాన్ని మూల్యాంకనం చేయడం: ఆటలు, వినోదాల ద్వారా ఆరోగ్యాన్ని మెరుగుపరిచే చికిత్సాత్మక వినోద రంగానికి ఈ నాలుగు మెట్లే ప్రాణం. వీటిని మన విద్యార్థులకు మొదటి ఏడాది నుంచీ నూరిపోస్తాం. మన సొంత కోర్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగో మెట్టు ఎక్కం. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

రెండో అడుగు: అభ్యసన ఫలితాలను చూడగలిగేలా రాయండి

‘విరామం ప్రాముఖ్యాన్ని విద్యార్థులు అర్థం చేసుకుంటారు.’ ఇలాంటి వాక్యం చాలా సిలబస్‌లలో కనిపిస్తుంది. అర్థం చేసుకున్నారని ఎలా తెలుస్తుంది? విద్యార్థి ఏం చేస్తే మనం ‘అవును, వచ్చింది’ అంటామో ఆ పనినే వాక్యంలో పెట్టాలి. 1956లో విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం చదువు లక్ష్యాలకు వేసిన వర్గీకరణ, 2001లో దానికి చేసిన సవరణ ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. సవరణలో నామవాచకాలు పోయి క్రియలు వచ్చాయి: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మదింపు వేయడం, సృష్టించడం. డిగ్రీ చివరికి వచ్చిన విద్యార్థి నుంచి మనం ఆశించేది చివరి నాలుగు అయినప్పుడు, రాసుకున్న ఫలితాలు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోకూడదు.

పై వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: ‘ఒక నిర్దిష్ట సమూహం పాల్గొనడానికి ఎదురయ్యే అడ్డంకులను క్షేత్రంలో గుర్తించి, కార్యక్రమాన్ని వాటికి తగ్గట్టు మార్చగలరు.’ ఇందులో గుర్తించడం కనబడుతుంది, మార్చడమూ కనబడుతుంది. నా హాలు అనుభవానికి ముందే ఈ వాక్యం ఉండి ఉంటే ఆ రోజు అంత తేలిగ్గా మార్కులు వేసి ఉండేవాణ్ని కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, అమెరికాలో పార్కులు, వినోదం, పర్యాటకం వంటి కోర్సులకు గుర్తింపునిచ్చే సీఓఏపీఆర్‌టీ అనే మండలి పెట్టుకున్న చట్రాన్ని చూడవచ్చు. అది ఫలితాలను స్థూలంగా మూడు కట్టలుగా చూస్తుంది. వృత్తి స్వభావం, చరిత్ర, తాత్విక పునాదులు ఒక కట్ట. మనుషులకు ఉద్దేశించిన అనుభవాలను రూపొందించడం, నడపడం, మదింపు వేయడం రెండోది. నిర్వహణ, ఆర్థికం, సిబ్బంది, ప్రచారం వంటివి మూడోది. ఆ గుర్తింపు అక్కర్లేని కళాశాలకు కూడా ఈ విభజన పనికొస్తుంది. మొత్తం ఫలితాలు ఐదు నుంచి ఏడు ఉంటే చాలు. పద్దెనిమిది రాసుకున్న విభాగాలు ఉంటాయి. అవి పద్దెనిమిదింటిలో ఒక్కదాన్నీ సరిగా కొలవవు.

మూడో అడుగు: ఏది ఎక్కడ నేర్పుతున్నారో పటం గీయండి

ఒక పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా ఫలితాలు, నిలువుగా కోర్సులు రాయండి. ప్రతి గడిలో ఆ కోర్సు ఆ ఫలితాన్ని పరిచయం చేస్తుందా, సాధన చేయిస్తుందా, పట్టు వచ్చిందో లేదో పరీక్షిస్తుందా అన్నది మూడు గుర్తులతో నింపండి. అధ్యాపకులు ఎవరి కోర్సు వాళ్లు నింపాలి, అందరూ ఒకే గదిలో కూర్చుని నింపాలి.

ఎక్కువగా బయటపడేది ఒకే రకం లోపం. ప్రమాదాల నివారణ మూడు కోర్సుల్లో పరిచయం అవుతుంది, ఒక్కదానిలోనూ సాధన ఉండదు. ముగ్గురు అధ్యాపకులూ ‘పక్క కోర్సులో చేయిస్తున్నారులే’ అనుకుంటూ వచ్చారు. ఒక్క విద్యార్థినీ కొలవకముందే దిద్దుకోవలసింది చేతిలో పడింది. అందుకే ఈ అడుగు తర్వాత ఒకసారి ఆగి, కోర్సులను సర్దుకుని ముందుకు వెళ్లడం మేలు. నేర్పనిదాన్ని కొలిచి లాభం లేదు.

నాలుగో అడుగు: ఏ సాక్ష్యాన్ని తీసుకోవాలో తేల్చుకోండి

జార్జ్ మిల్లర్ 1990లో వైద్య విద్య కోసం ఒక పిరమిడ్‌ను ప్రతిపాదించారు. అడుగున ‘తెలుసు’, దానిపైన ‘ఎలా చేయాలో తెలుసు’, ఆపైన ‘చేసి చూపగలరు’, శిఖరాన ‘నిజంగా చేస్తారు’. మన రంగానికి కొలిచి కుట్టినట్టు సరిపోయే నమూనా ఇది. రాతపరీక్ష అడుగు అంతస్తును చూస్తుంది. ప్రణాళిక రాయించడం రెండోదాన్ని, తరగతిలో తోటి విద్యార్థులతో ఆడించి చూపడం మూడోదాన్ని చూస్తాయి. తెలియని మనుషుల మధ్య, తెలియని చోట, అనుకోనిది జరిగినప్పుడు ఏం చేశాడన్నదే నాలుగోది. నా విద్యార్థి మొదటి రెండు అంతస్తుల్లో తొమ్మిదికి తక్కువ తెచ్చుకోలేదు. తడబడింది పైన.

ఒక్కో ఫలితానికి ఒక్కో కొత్త పరీక్ష పెట్టాల్సిన పని లేదు. విద్యార్థులు ఎలాగూ చేసే పనుల్లోంచే సాక్ష్యం తీసుకోండి. మూడు భాగాలు ఒకదానికొకటి ముడిపడిన ఒకే ప్రాజెక్టు అన్నిటికంటే బాగా పనిచేస్తుందని నా అనుభవం.

మొదటి భాగం ప్రణాళిక. అందులో ఎవరి కోసం, వాళ్ల అవసరం ఏమిటని ఎలా తెలుసుకున్నారు, కార్యక్రమం చివరికి వాళ్లలో కనబడాల్సిన మార్పు ఏమిటి అనేవి ఉండాలి. ‘పాల్గొన్నవారికి ఆనందం కలిగించడం’ అని లక్ష్యం రాస్తే తిప్పి పంపండి. ‘ఆరు వారాల చివరికి పాల్గొన్నవారిలో సగం మందైనా తోడు లేకుండా స్వయంగా నడక మార్గాన్ని ఎంచుకుని పూర్తిచేయగలగడం’ అని రాస్తే ఉంచండి. రెండో భాగం అమలు, దాన్ని మనం చూడాలి. మూడో భాగం విద్యార్థే తన కార్యక్రమానికి వేసుకున్న మదింపు. అందులో మొదటి భాగంలో రాసిన లక్ష్యం దగ్గరికే తిరిగి రావాలి. ఈ మూడో భాగంలోనే చాలామంది జారిపోతారు. లక్ష్యం నడక గురించి ఉంటుంది, నివేదికేమో ‘తొంభై శాతం మంది సంతృప్తి చెందారు’ అంటుంది. లక్ష్యానికీ కొలతకూ పొంతన లేదని గుర్తించగలగడం కూడా మనం కొలవాల్సిన నైపుణ్యమే.

అమలును చూసేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక పరిశీలన పత్రం పట్టుకెళ్లండి. ప్రతి పది నిమిషాలకు ఒక గడి: ఆడుతున్నవాళ్లు ఎంతమంది, పక్కన ఉన్నవాళ్లు ఎంతమంది, ఆ పది నిమిషాల్లో విద్యార్థి మార్చింది ఏదైనా ఉందా. గంటన్నరకు తొమ్మిది గడులు నిండుతాయి. నవ్వులూ చప్పట్లూ రాయడానికి ఆ పత్రంలో చోటు ఉండదు, అది కావాలని చేసిన పనే. కార్యక్రమం అయిన వెంటనే, సామాను సర్దుకోకముందే, విద్యార్థిని రెండే ప్రశ్నలు అడగండి: “ఈ రోజు నువ్వు అనుకున్నట్టు జరగనిది ఏమిటి? అప్పుడేం చేశావు?” ఇంటికి వెళ్లి రాసే నివేదికలో అన్నీ అనుకున్నట్టే జరిగిపోతాయి. ఆ నిమిషంలో దొరికే జవాబు వేరు.

వీడియో తీయాలనుకుంటే పాల్గొనేవారి అనుమతి ముందే తీసుకోండి. పిల్లలైతే తల్లిదండ్రుల లిఖిత అనుమతి తప్పనిసరి. వాళ్లు వచ్చింది ఆడుకోవడానికి, మన విద్యార్థికి ప్రశ్నపత్రం కావడానికి కాదు.

ఐదో అడుగు: రూబ్రిక్‌ను పనిలోంచి రాయండి, విశేషణాల్లోంచి కాదు

‘అద్భుతం, బాగుంది, ఫరవాలేదు, మెరుగుపడాలి’ అని నాలుగు గడులు పెట్టి దాన్ని రూబ్రిక్ (ఏ స్థాయి పనికి ఏ అంకె వేయాలో చెప్పే పట్టిక) అనడం అలవాటైపోయింది. ‘బాగుంది’కీ ‘ఫరవాలేదు’కూ మధ్య గీత ఎక్కడ పడుతుందో అది చెప్పదు. గడిలో మనిషి చేసిన పని ఉండాలి. అడ్డంకులను గుర్తించడం అనే ఒక్క వరుసను ఇక్కడ పూర్తిగా చూపిస్తాను:

1 – పక్కకు జరిగినవారిని గమనించలేదు. అడిగినా గుర్తుకు రాలేదు.
2 – గమనించారు, కానీ కారణం తెలుసుకోకుండా ‘రండి, రండి’ అని అందరినీ ఒకేలా పిలిచి వదిలేశారు.
3 – కారణం తెలుసుకున్నారు. కార్యక్రమం నడుస్తుండగానే దానికి తగిన మార్పు ఒకటైనా చేశారు.
4 – ప్రణాళికలోనే కొన్ని అడ్డంకులను ఊహించి ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకున్నారు. ఊహించనిది ఎదురైతే మార్చారు. ఆ మార్పు పనిచేసిందో లేదో చూసుకున్నారు.

రాసేటప్పుడు 3తో మొదలుపెట్టండి, అంటే పట్టా పుచ్చుకుని వెళ్లే విద్యార్థికి కనీసం ఏం రావాలో దానితో. తర్వాత దిగువకూ ఎగువకూ వెళ్లండి. 4తో మొదలుపెడితే మన కలల విద్యార్థిని వర్ణిస్తూ కూర్చుంటాం, 3 అరకొరగా మిగులుతుంది. ఒక ప్రాజెక్టుకు ఇలాంటి వరుసలు ఐదారు మించవద్దు. రూబ్రిక్‌ను సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థుల చేతిలో పెట్టండి. దాచిపెట్టే పరీక్ష కాదిది.

ఆరో అడుగు: ఇద్దరు చూస్తే ఒకటే కనబడుతుందా?

అన్ని అడుగుల్లోకీ నాకు ఇష్టమైనది ఇదే, విభాగాలు ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. ఐదారు నమూనా ప్రాజెక్టులు తీసుకుని, అధ్యాపకులందరూ విడివిడిగా అంకెలు వేసి, ఆ తర్వాత కలిసి కూర్చోవాలి. మా మొదటి సమావేశంలో ఒకే కార్యక్రమానికి పైన చూపిన వరుసలో ఒకరు 2, ఇంకొకరు 4 వేశారు. ఆ కార్యక్రమంలో ఒక పెద్దాయన చివరి దాకా కూర్చునే ఉన్నారు. “వదిలేశాడు, అందుకే 2” అన్నారు మొదటి అధ్యాపకురాలు. “వదల్లేదండీ, ఆ అబ్బాయి పక్కన కూర్చుని అడిగాడు. ఆయన ‘నాకు చూడడమే ఇష్టం బాబూ’ అన్నారు. అప్పుడు స్కోరు చదివే పని ఇవ్వనా అని అడిగాడు, వద్దంటే గౌరవంగా లేచి వచ్చాడు. ఇంతకంటే ఏం కావాలి?” అన్నారు రెండో ఆయన.

వాదన గంటసేపు నడిచింది. విరామానికి అసలు గుర్తు ‘ఇది నా ఇష్టంతో చేస్తున్నాను’ అనే భావన అని మనస్తత్వవేత్త జాన్ న్యూలింగర్ 1974లోనే వాదించారు. బలవంతంగా ఆడించడం ఆ భావనను చంపడమే కదా? చూస్తూ కూర్చోవడం కూడా పాల్గొనడమే కదా? చివరికి రూబ్రిక్‌లో ఒక వాక్యం చేరింది: ‘కారణం అడిగి తెలుసుకుని, పాల్గొనకూడదన్న ఎంపికను గౌరవిస్తే అది తగిన స్పందనే.’ ఏ కార్యశాలకు వెళ్లినా ఆ వాక్యం మాకు దొరికేది కాదు.

మాటలయ్యాక లెక్క కూడా చూడండి. ఇద్దరి అంకెలు ఎన్నిసార్లు కలిశాయో శాతం తీస్తే మొదటి అందాజు వస్తుంది, కానీ అది మోసం చేయగలదు. 20 ప్రాజెక్టులకు ఇద్దరూ చెరి పదహారు 3లు, నాలుగు 2లు వేశారనుకోండి. 14 చోట్ల ఏకీభవించారు, అంటే 70 శాతం. వినడానికి బాగానే ఉంది. అయితే ఇద్దరూ ఎక్కువగా 3లే వేస్తున్నారు కనుక, ప్రాజెక్టును చదవకుండా అదే నిష్పత్తిలో అంకెలు జల్లినా 68 శాతం చోట్ల కలిసేవే (0.8ని 0.8తో గుణిస్తే 0.64, 0.2ని 0.2తో గుణిస్తే 0.04, మొత్తం 0.68). కాకతాళీయంగా వచ్చే ఈ ఏకీభావాన్ని తీసేసి మిగిలినదాన్ని లెక్కించే పద్ధతిని జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చారు, దాన్ని కప్పా అంటారు. పై ఉదాహరణలో అది 0.02ను 0.32తో భాగిస్తే వచ్చే 0.06. ఒకటి వస్తే పూర్తి ఏకీభావం, సున్నా వస్తే కాకతాళీయం. అంటే మన 70 శాతం దాదాపు సున్నా. ఇలా వచ్చినప్పుడు అధ్యాపకులను తప్పుపట్టకండి, రూబ్రిక్‌ను తిరగరాయండి.

ఏడో అడుగు: ఇంటర్న్‌షిప్‌ను గంటలతో కొలవకండి

సీఓఏపీఆర్‌టీ గుర్తింపు ఉన్న కోర్సుల్లో ఇంటర్న్‌షిప్ కనీసం 400 గంటలు ఉండాలి. చికిత్సాత్మక వినోద నిపుణులకు ధ్రువీకరణ ఇచ్చే అమెరికా సంస్థ ఎన్‌సీటీఆర్‌సీ అయితే వరుసగా 14 వారాలు, 560 గంటలు అడుగుతుంది. అవసరమైన కొలతలే, కాదనను. కానీ గంటలు అవకాశాన్ని లెక్కిస్తాయి, నేర్చుకున్నదాన్ని కాదు. ఐదు వందల అరవై గంటలు సామాను గది తాళాలు చూసుకున్న విద్యార్థి కూడా గంటలు పూర్తిచేసినవాడే.

అక్కడి పర్యవేక్షకులు పంపే పత్రంలో సాధారణంగా ఇరవై అంశాలు, ఒక్కోదానికి ఐదు పాయింట్ల స్కేలు ఉంటాయి. తిరిగి వచ్చేసరికి అన్నీ ఐదులే. ఆ నిలువు వరుస చూస్తే పెన్ను ఒకసారి పైనుంచి కిందికి జారినట్టు ఉంటుంది. పర్యవేక్షకుల తప్పేమీ లేదు. కుర్రాడు మంచివాడు, వేళకు వస్తాడు, ఆ మంచితనం మిగతా అంశాలన్నిటి మీదా పరుచుకుంటుంది. ఒక్క మంచి గుణం చూసి అన్నీ మంచివే అనుకునే ఈ పొరపాటును ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో, సైనికాధికారులు తమ కింది వాళ్లకు వేసిన అంకెల్లో పట్టుకున్నారు.

దీనికి విరుగుడు స్కేలును తగ్గించి సంఘటనలను అడగడం. ‘విద్యార్థి ఎవరి సాయం లేకుండా నడిపిన ఒక సందర్భం రాయండి.’ ‘మీరు మధ్యలో కల్పించుకోవలసి వచ్చిన సందర్భం ఏదైనా ఉందా? అప్పుడేం జరిగింది?’ ‘రేపు ఒక కొత్త సమూహాన్ని ఈ విద్యార్థికి అప్పగించి మీరు సెలవు పెట్టగలరా? ఎందుకు?’ మూడు ప్రశ్నలు చాలు. మూడోదానికి వచ్చే జవాబు పాత పత్రంలోని ఇరవై అంకెల కంటే ఎక్కువ చెబుతుంది. ఇవే ప్రశ్నలు సగం కాలానికి ఒకసారి, చివర్లో ఒకసారి అడగండి. సగంలోనే అడిగితే దిద్దుకోవడానికి విద్యార్థికి వ్యవధి ఉంటుంది. రాయడానికి తీరిక లేని పర్యవేక్షకులతో పది నిమిషాలు ఫోనులో మాట్లాడి మీరే రాసుకోండి.

ఎనిమిదో అడుగు: డైరీలు, అభిప్రాయ సేకరణలు

అనుభవం, దాని మీద ఆలోచన, అందులోంచి ఒక సూత్రం, ఆ సూత్రంతో కొత్త ప్రయత్నం: డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన చక్రం. మన రంగంలో డైరీలు రాయించడానికి దీన్నే ఆధారంగా చూపుతారు. చిక్కేమిటంటే డైరీకి మార్కులు వేసేటప్పుడు తెలియకుండానే మంచి వాక్యానికి మార్కులు వేస్తాం. కలం ఆడని విద్యార్థి నష్టపోతాడు. అలాంటి విద్యార్థిని మాట్లాడి రికార్డు చేయనివ్వండి. డైరీలో కూడా చూడాల్సింది ఒక్కటే: గత వారం రాసింది ఈ వారం చేసిన పనిలో కనబడిందా? ‘ఈ అనుభవం నాకెంతో నేర్పింది’ అన్న వాక్యాన్ని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోకండి.

విద్యార్థులనే ‘నీకు ఎంత వచ్చింది’ అని అడిగే సర్వేలు పరోక్ష సాక్ష్యాలు. వాటిని పనిలో కనబడిన సాక్ష్యం పక్కన పెట్టుకోవచ్చు, దాని స్థానంలో కాదు. అడిగితే ఒక జాగ్రత్త తీసుకోండి. కోర్సు మొదట్లో విద్యార్థికి తనకేం తెలియదో కూడా తెలియదు, కనుక ‘సమూహాన్ని నడపగలను’ అన్నదానికి ధీమాగా 4 వేసుకుంటాడు. చివర్లో ఆ పని లోతు తెలిసి 3 వేసుకుంటాడు. నాలుగు నెలల చదువు తర్వాత నైపుణ్యం తగ్గినట్టు లెక్క వస్తుంది. అందుకే రెండు ప్రశ్నలూ చివర్లోనే, పక్కపక్కనే అడగడం మంచిది: ‘కోర్సు మొదట్లో నువ్వు ఎక్కడ ఉండేవాడివని ఇప్పుడనిపిస్తోంది? ఇప్పుడు ఎక్కడున్నావు?’

తొమ్మిదో అడుగు: చిన్న సంఖ్యలను చిన్న సంఖ్యలుగానే చదవండి

మన విభాగాలు సాధారణంగా పెద్దవి కావు. చివరి ఏడాదిలో 12 మంది ఉన్నారనుకుందాం, లక్ష్యం ‘80 శాతం మంది 3 లేదా ఆపైన’. తొమ్మిది మంది చేరితే 75 శాతం, విఫలం. పది మంది చేరితే 83 శాతం, విజయం. ఒక్క విద్యార్థికి ఆ రోజు జ్వరం వచ్చిందా లేదా అన్నదాని మీద విభాగం భవితవ్యం తేలినట్టు అవుతుంది. శాతాలు మానేసి ‘12 మందిలో 9 మంది’ అని రాయండి. రెండు మూడేళ్లవి కలిపి చూడండి. సగటు తీయడం కంటే ఏ వరుసలో ఎంతమంది 2 దగ్గర ఆగారో చూడడం ఉపయోగకరం.

ప్రతి ఫలితాన్నీ ప్రతి ఏడాదీ కొలవనవసరం లేదు. ఏడు ఫలితాలుంటే ఏడాదికి రెండు చొప్పున తీసుకుంటే నాలుగేళ్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్న విభాగం మొదటి ఏడాది రెండు వందల పేజీల నివేదిక రాసి, రెండో ఏడాది దాని ఊసే ఎత్తదు.

పదో అడుగు: ఒక్క మార్పు చేయండి, మళ్లీ కొలవండి

పన్నెండు మందిలో ప్రణాళిక వరుసలో 11 మంది 3కి చేరారు, అడ్డంకుల వరుసలో ఐదుగురే చేరారనుకోండి. ‘విద్యార్థులు శ్రద్ధ పెట్టాలి’ అని రాసి ఫైలు మూసేయడం ఎవరికైనా తేలికే. ఎందుకని అడగాలి. పటం దగ్గరికి తిరిగి వెళ్తే కారణం తరచుగా కనబడుతుంది. తరగతిలో వాళ్లు సాధన చేసింది తోటి విద్యార్థుల మీద: అందరూ ఒకే వయసు, అందరూ స్నేహితులు, మార్కుల కోసం ఎవరూ పక్కన కూర్చోరు. అడ్డంకులు లేని చోట అడ్డంకులను చూడడం ఎవరికి అలవడుతుంది?

మార్పు ఆ కారణానికి తగినదై ఉండాలి. మేం చేసింది చిన్నదే. సొంత కార్యక్రమం నడపకముందు ప్రతి విద్యార్థీ రెండుసార్లు మరొకరి కార్యక్రమానికి వెళ్లి, నేను వాడే పరిశీలన పత్రాన్నే నింపాలి. ఆడుతున్నవాళ్లను లెక్కపెట్టడం అలవాటైన కన్ను, ఆడనివాళ్లను కూడా లెక్కపెడుతుంది. ఇంకేమీ మార్చలేదు, సిలబస్ జోలికీ పోలేదు. ఒకేసారి నాలుగు మార్చి ఉంటే ఏది పనిచేసిందో తెలిసేది కాదు.

ఫైలులో ఒక పేజీ చాలు: ఏం కనబడింది, కారణం ఏమనుకుంటున్నాం, ఏం మార్చాం, మళ్లీ ఎప్పుడు చూస్తాం. చివరి గడిలో ‘త్వరలో’ అని కాకుండా సెమిస్టర్ పేరు, చూసే అధ్యాపకుల పేరు రాయండి.

తెల్లబోయిన నా విద్యార్థి కూడా ఆ పత్రంతో రెండు కార్యక్రమాలు చూసి వచ్చాడు. తర్వాత అదే హాలులో అతను నడిపిన కార్యక్రమానికి నేను కొంచెం ముందే వెళ్లాను. ఆటగాళ్ల వలయంలో నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి, బంతి కుర్చీలోంచి కూడా అందేంత ఎత్తులోనే తిరిగింది. జోడీల ఆటలో ఒకరు మిగిలిపోతే క్షణం ఆలోచించి ముగ్గురి జట్టు చేశాడు. అడ్డంకుల వరుసలో 3 వేశాను. ఆ ముగ్గురి జట్టులో మూడో ఆవిడకు బంతి రెండుసార్లే వచ్చింది. అతను వెనక్కి తిరిగి అటు చూడలేదు.